శాసనసభకు సొంత లెక్కలు లేవా?

2024వ సంవత్సరము జులై 26వ తేదీన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు రాష్ట్ర ఆర్థికస్థితిని గూర్చి శ్వేతపత్రమును సమర్పించిరి. రాష్ట్రముపై గల అప్పులు, చెల్లింపవలసిన బకాయిలు అన్నియు కలిపి 9 లక్షల 74 వేల కోట్ల రూపాయలు దాటినవని అందు చెప్పబడినది. అంతకు ముందు అయిదేండ్లు అధికారము నెరపిన పక్షమువారు ఆ లెక్క తప్పనియు, ఋణభారము అంతకంటె మిక్కిలి తక్కువ యనియు వాదించిరి. ఇందుకు ఏడు మాసముల ముందు హైదరాబాదులోను ఇదే వ్యవహారము జరిగినది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము ఋణము 6 లక్షల 71 వేల కోట్లని శ్వేతపత్రము వెలువరింపగా, పదవి కోల్పోయిన పక్షమువారు దానికి బదులుగా 'స్వేదపత్రము' వెలువరించి, అందులో సగమునైనను తాము ఒప్పుకొనబోమనిరి. పేరులోని చమత్కారమును మెచ్చుకొనవచ్చును. కాని ఖజానా ఒకటి, లెక్కపుస్తకము ఒకటి, మొత్తములు మాత్రము రెండు. దీనిని మెచ్చుకొనువాడెవడు?

ఈ రెంటిలో ఏది సత్యమో తేల్చుట మా ఉద్దేశము కాదు. అప్పు అను మాటకు ఒక్కొక్కరు ఒక్కొక్క హద్దు గీచికొనుటచేతనే మొత్తములు వేరగుచున్నవి. ప్రభుత్వము తన పేర తెచ్చిన ఋణము మాత్రమే అప్పని ఒకరందురు. కార్పొరేషనుల పేర తెచ్చి, ప్రభుత్వము హామీ పడినదియు అప్పే యని మరియొకరు. కంట్రాక్టర్లకును, ఉద్యోగులకును ఈయవలసి నిలిచిపోయిన బిల్లులనుకూడ కలుపవలెనని ఇంకొకరు. ఎవరి హద్దు వారికి అనుకూలము. హద్దురాయి పాతవలసినవారు వాదులును గారు, ప్రతివాదులును గారు. ఈ సంగతి పొలము గట్టు తగవులెరిగిన మన రైతులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. శాసనసభకు ఆ రాయి పాతగల తనవాడొకడు లేకపోవుటయే నేటి చిక్కు.

సభకు బడ్జెటు వచ్చు తీరును చూడుడు. 2025 ఫిబ్రవరి 28వ తేదీన ఆర్థికమంత్రి పయ్యావుల కేశవ్‌గారు 2025-26 సంవత్సరమునకు 3 లక్షల 22 వేల 359 కోట్ల బడ్జెటును ప్రవేశపెట్టిరి. దానితోపాటు 48 వేల కోట్లకు మించిన వ్యవసాయ బడ్జెటు వేరుగా చదువబడినది. పద్దుల పుస్తకములు, అనుబంధములు, వివరణ పత్రములు సభ్యుల బల్లలమీద మోపులుగా పేర్చబడును. వీనిని సిద్ధపరచుటకు ఆర్థికశాఖలోని అధికారులందరు మాసముల తరబడి శ్రమించిరి. వానిని పరిశీలింపవలసిన సభ్యునికి ఉన్న సహాయమెంత? పద్దులు చదివి పెట్టు గుమాస్తా యైనను చాలమందికి లేడు. కొన్ని దినములు సాధారణ చర్చ జరుగును. పిమ్మట శాఖలవారీగా పద్దులు వచ్చును. గడువు ముగియగానే మిగిలినవన్నియు చర్చ లేకుండనే ఒక్క పెట్టున ఆమోదింపబడును. శాసనసభల పరిభాషలో దీనిని గిలటిన్ అందురు. తలలు నరకు యంత్రము పేరు దీనికి పెట్టినవాడు హాస్యగాడు కాడు, సత్యవాది.

రాజ్యాంగము 203వ అధికరణము క్రింద శాసనసభ ఆమోదము లేక ఏ పద్దును సాగరాదు. ఇది మాటవరుసకు ఏర్పడిన నియమము కాదు, పన్ను కట్టువానికి గల పెద్ద రక్ష. అయినను 2024-25 సంవత్సరమున ఏమి జరిగినది? ఎన్నికల ముందు ఫిబ్రవరిలో ఓటాన్ అకౌంటు పొందిరి. దాని గడువు జులైతో తీరినది. తరువాతి మాసముల వ్యయమునకు ఆర్డినెన్సు జారీ యైనది. పూర్తి బడ్జెటు నవంబరు 11వ తేదీన గాని సభకు రాలేదు. అప్పటికి సంవత్సరములో ఏడు మాసములకు పైగా గడచిపోయినవి. ప్రభుత్వము మారిన సంవత్సరమున ఇట్టి అవస్థ కొంత సహజమే కావచ్చును, ఇది చట్టవిరుద్ధమని మేము అనుటలేదు. కోత కోసిన పిదప విత్తనముల ఖర్చు గూర్చి సలహా అడిగినట్లున్నదని మాత్రము చెప్పక తప్పదు.

"ఇందరు పరిశీలకులుండగా మరియొకరెందుకు? కాగ్ లేదా? ప్రజాపద్దుల సంఘము లేదా?" అని అడుగువారు కలరు. ఉన్నవి. కాని ఆ రెండును వ్యయము జరిగిన పిమ్మట మేల్కొనునవి. 151వ అధికరణము ననుసరించి కాగ్ నివేదికలు శాసనసభకు వచ్చును. అవి వచ్చునప్పటికి సొమ్ము కాలువలో నీరు వలె సముద్రమునకు చేరియుండును. కాళేశ్వరము చరిత్రయే ఇందుకు నిదర్శనము. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభకు సమర్పింపబడిన కాగ్ నివేదిక ఆ పథకమునకు 1 లక్షా 47 వేల కోట్ల రూపాయలకు మించి వ్యయము కాగలదని చెప్పినది. కేంద్ర జలసంఘమునకు తెలిపిన అంచనా దాదాపు 82 వేల కోట్లు. పెట్టిన రూపాయికి రూపాయిన్నర ఫలము వచ్చునని మొదట చెప్పిరి. కాగ్ లెక్కలో అది అర్ధరూపాయి దరిదాపులకు, 0.52కు, దిగజారు సూచన కనబడినది. ఈ గుణకారము పునాదిరాయి వేయుటకు ముందు ఒకరు చేసి సభ్యుల బల్లమీద పెట్టియున్నచో, సభవారు ఏమి నిర్ణయించెడివారో మనము చెప్పజాలము. తెలిసి నిర్ణయించియుందురు గదా! మన పోలవరము అంచనా 2005 ప్రాంతపు ధరలలో 10 వేల కోట్ల చిల్లర. 2017-18 ధరలలో అది 55 వేల కోట్లు దాటినది. పునరావాసము, భూసేకరణ చట్టము, కాలవిలంబము, ఇందేది ఎంత పెంచినదో ఏటేట సభకు లెక్క చెప్పువాడు లేడు.

ప్రజాపద్దుల సంఘమును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ప్రతిపక్షసభ్యుడు దానికి అధ్యక్షుడగుట మన దేశమున సంప్రదాయము. 2021 జులైలో అప్పటి అధ్యక్షులు దాదాపు 41 వేల కోట్ల చెల్లింపులకు సరియైన ఆధారములు కనబడుటలేదని గవర్నరుకు ఫిర్యాదు చేసిరి. అది లెక్కలు నమోదుచేయు పద్ధతిని గూర్చిన సంగతియే గాని అక్రమము కాదని నాటి ఆర్థికమంత్రి బుగ్గన రాజేంద్రనాథ్‌గారు ప్రత్యుత్తరమిచ్చిరి. అంతటితో విషయము పత్రికలలో ఆరంభమై పత్రికలలోనే ముగిసినది. అడిగినవారొకరు, చెప్పినవారొకరు, ఇరువురిని కూర్చుండబెట్టి బిల్లు వెంబడి బిల్లు చూచి ఇదీ సంగతి యని సభకు చెప్పగల మూడవవాడు లేకపోయెను. నాటి ఆ అధ్యక్షులే పయ్యావుల కేశవ్‌గారు. 2024 జూన్‌లో ఆయనయే ఆర్థికమంత్రి యైరి. ప్రశ్నించుటకు ఎంత కష్టపడవలెనో స్వానుభవమున ఎరిగినవారు నేడు సమాధానము చెప్పు స్థానమున ఉండుట ఒక సదవకాశమని మేము భావించుచున్నాము.

2024 నవంబరు నాటికి పరిస్థితి మరింత వింతగా మారినది. 175 స్థానములలో ప్రధాన ప్రతిపక్షమునకు దక్కినవి 11 మాత్రమే. సంఘమునకు ఎన్నిక జరుగగా బలము చాలక వారు బహిష్కరించిరి. ప్రభుత్వ కూటమిలోని జనసేన సభ్యులు పులపర్తి రామాంజనేయులుగారు అధ్యక్షులైరి. వారి సమర్థతను మేము శంకించుటలేదు. కాని ప్రభుత్వమును నిలువదీయుట తన జీవనాధారముగా గల పక్షము సంఘమునందు లేనపుడు, పరిశీలన ఎవరి పట్టుదలపై ఆధారపడవలెను? ప్రజలు ఒకే పక్షమునకు సభనంతయు అప్పగించుట మన రాష్ట్రమున అరుదు కాదు. 2019లో 151 స్థానములు ఒకరికి, 2024లో 164 స్థానములు వేరొకరి కూటమికి లభించినవి. ప్రతిపక్షము బలముగా నున్నపుడు సొంత లెక్కల శాఖ సభకు అలంకారమైనను కావచ్చునేమో గాని, ప్రతిపక్షము క్షీణించినపుడు అది కన్ను వంటిది.

బడ్జెటు పుస్తకములో కనబడని అప్పుల సంగతి వేరు. కూచిపూడివారి భామాకలాపములో సత్యభామ మొదట తెరవెనుక నిలిచి, తన జడను మాత్రము తెరమీదుగా వేయును. ప్రేక్షకులు జడను చూచి రూపమును ఊహించుకొనవలెను. రంగస్థలమున ఇది రమ్యమే. ఖజానా విషయమున రమ్యము కాదు. 2020లో రాష్ట్రాభివృద్ధి కార్పొరేషను అను సంస్థను స్థాపించి, మద్యముపై వచ్చు ఆదాయములో కొంత భాగమును దాని అప్పులకు మళ్లించిరి. ఇట్టి ఏర్పాట్లు ఒక్క ఆంధ్రలోనే గాక పెక్కు రాష్ట్రములలో వ్యాపింపగా, 2022 మార్చిలో కేంద్ర ఆర్థికశాఖవారు, రాష్ట్ర బడ్జెటునుండి తీర్చబడు కార్పొరేషను అప్పులన్నియు రాష్ట్రపు అప్పుగనే లెక్కింపబడునని రాష్ట్రములకు తెలియజేసిరి. ప్రభుత్వము మారెను, పద్ధతి మారెనా? 2025లో ఖనిజాభివృద్ధి సంస్థ విక్రయించిన బాండ్లకు ఖజానానే హామీగా చూపిరని నేటి ప్రతిపక్షమువారు హైకోర్టునకెక్కిరి. నాడు నిందించినవారు నేడు సమర్థించుకొనుచున్నారు, నాడు సమర్థించుకొన్నవారు నేడు నిందించుచున్నారు. భామాకలాపములో సూత్రధారుడు ఒకడుండును. వాడు సత్యభామ వలె నర్తింపడు. అమ్మా, నీవెవరవు, నీ పేరేమి, నీ నాథుని పేరేమి అని అడిగి అడిగి చెప్పించును. సభకు కావలసినది అట్టివాడు.

అమరావతి నిర్మాణమునకు 2024 డిసెంబరులో ప్రపంచబ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరి 80 కోట్ల డాలర్ల దరిదాపుగా ఋణములు మంజూరు చేసినవి. హడ్కో సంస్థ 11 వేల కోట్ల రూపాయలకు అంగీకరించినది. రాజధాని కావలెనని కోరువారిలో మేమును ఒకరము. కాని ఒక సంగతి గమనింపుడు. అప్పు ఇచ్చుటకు ముందు ఆ బ్యాంకులు తమ నిపుణులచేత పథకమంతయు మదింపు చేయించుకొనినవి, ఆ పత్రములను లోకమునకు వెల్లడించినవి. అప్పు ఇచ్చువానికి సొంత లెక్కగాడున్నాడు. అప్పు తీర్చవలసిన ప్రజల ప్రతినిధులకు లేడు.

అన్యదేశములు ఈ చిక్కును ఎట్లు విప్పుకొన్నవి? అమెరికాలో అధ్యక్షుడు నిక్సన్ కాంగ్రెసు మంజూరు చేసిన సొమ్మును వ్యయపరచక బిగబట్టగా, కాంగ్రెసువారు 1974లో చట్టముచేసి తమకు ప్రత్యేకముగా బడ్జెటు కార్యాలయము ఏర్పరచుకొనిరి. అది పెద్ద దేశము, వందలకొలది నిపుణులు. మనకు దానికంటె చిన్న శాసనసభల అనుభవమే ఎక్కువ ఉపయోగము. స్కాట్లండు జనాభా 55 లక్షలు, మన రాష్ట్రములో తొమ్మిదవ వంతు. అచ్చట 2017 నుండి చట్టబద్ధమైన ద్రవ్య సంఘమొకటి పన్నుల రాబడిని తానే అంచనా వేయును, ప్రభుత్వము ఆ అంచనాలపైననే బడ్జెటు కూర్చుకొనును. రాబడిని ఉబ్బించి చూపి వ్యయమును పెంచు విద్యకు అక్కడ చోటు లేదు. ఐర్లండు 2008లో బ్యాంకులు కూలి, 2010లో పరులవద్ద చేయిచాచిన పిదప బుద్ధి తెచ్చుకొని 2011లో స్వతంత్ర సలహాసంఘమును, 2017లో పార్లమెంటునకు బడ్జెటు కార్యాలయమును ఏర్పరచుకొన్నది. ధనికదేశముల గొడవ మనకేల యందురేమో. ఆఫ్రికాలోని ఉగాండా 2001లోనే చట్టముచేసి తన పార్లమెంటునకు ఇట్టి కార్యాలయమును కల్పించుకొన్నది.

కెనడా కథ ముచ్చటైనది. అచ్చటి పార్లమెంటు బడ్జెటు అధికారి కెవిన్ పేజ్ 2011లో, ప్రభుత్వము కొనదలచిన యుద్ధవిమానములకు ముప్పది యేండ్లలో 2,900 కోట్ల డాలర్లకు పైగా వ్యయమగునని లెక్కవేసి చెప్పెను. ప్రభుత్వము చెప్పిన మొత్తము అంతకంటె ఎంతో తక్కువ. మంత్రులు కోపించిరి. మరుసటి సంవత్సరము ఆడిటరు జనరలు పరీక్షింపగా ప్రభుత్వము తన లెక్కలో కొంత దాచినమాట నిజమని తేలినది. అయినను ఆయన కార్యాలయము పార్లమెంటు గ్రంథాలయమునకు అంటుగట్టబడి, నిధులకును సమాచారమునకును ఏండ్ల తరబడి పెనుగులాడవలసి వచ్చెను. 2017లో గాని దానికి స్వతంత్రమైన నిలుకడ లభింపలేదు. హంగరీలో ఇంకను దారుణము. 2009లో ఏర్పడిన ద్రవ్యమండలి మరుసటి యేడు కొత్త ప్రభుత్వమును విమర్శింపగా, ఆ యేడు తిరుగకముందే దాని నిధులను, నిపుణులను ఊడబెరికిరి. మండలి యను పేరు నిలిచినది, పని పోయినది. చట్టముచేత కాపాడబడని పరిశీలకుడు ఇంటియజమానికి కోపము వచ్చువరకే పరిశీలకుడు.

మన దేశమున ఈ మాట కొత్తది కాదు. 1902 మార్చిలో గోపాలకృష్ణ గోఖలేగారు వైస్రాయి సభలో తమ తొలి బడ్జెటు ప్రసంగము చేసిరి. ప్రభుత్వము చూపుచున్న మిగులు సొమ్ము దేశ సుభిక్షమునకు గుర్తు కాదనియు, అవసరమునకు మించి పన్నులు పిండుటవలన వచ్చినదనియు ప్రభుత్వపు అంకెలతోనే నిరూపించిరి. నాటి సభ్యులకు బడ్జెటుమీద మాటాడు హక్కే గాని ఓటు లేదు. ఓటు లేనివాడు లెక్క చేసెను. ఓటు గలవారు నేడు లెక్క చేయరైరి. మన ఆంధ్రరాష్ట్రము పుట్టుకలోను స్వతంత్రుని లెక్క యొకటి గలదు. 1952 డిసెంబరులో రాష్ట్రము నిచ్చెదమని కేంద్రము ప్రకటించిన పిమ్మట, అందలి ఆర్థికాది విషయములను పరిశీలించుటకు రాజస్థాన్ ప్రధానన్యాయమూర్తి జస్టిస్ వాంఛూగారిని నియమించిరి. 1953 ఫిబ్రవరిలో ఆయన నివేదిక వచ్చెను. మద్రాసువారును కాక, ఆంధ్రులును కాక, మూడవవాడు చేసిన లెక్క కావున ఉభయులును దానిని ఆధారముగా గొని వాదింపగలిగిరి.

అటుపిమ్మట కేల్కర్‌గారి అధ్యక్షతన 13వ ఆర్థికసంఘమువారు ఇట్టి ఏర్పాటునకు బీజము వేయుమనిరి. మన తెలుగువారైన వై. వి. రెడ్డిగారి అధ్యక్షతన 14వ ఆర్థికసంఘము, పార్లమెంటే నియమించి పార్లమెంటునకే జవాబు చెప్పు ద్రవ్యమండలి కావలెనని మరింత స్పష్టముగా సిఫారసు చేసినది. 2017లో ఎన్. కె. సింగ్‌గారి సమీక్షాసంఘము, పిమ్మట వారే అధ్యక్షులైన 15వ ఆర్థికసంఘము అదే మాట చెప్పినవి. నాలుగు పర్యాయములు చెప్పినను ఢిల్లీవారికి వినబడలేదు. ఢిల్లీ కదలువరకు అమరావతి ఎదురుచూడవలెనని ఏ శాస్త్రమున ఉన్నది? కేరళ శాసనసభవారు 1980 నుండి విషయసంఘములను పెట్టుకొని, సాధారణ చర్చ ముగియగానే సభను వాయిదావేసి, పద్దులను ఆ సంఘములలో పరిశీలించుచున్నారు. ఎవరి అనుమతి కోరిరి?

మన శాసనసభకు పది పదునైదుగురు ఉద్యోగుల కార్యాలయము చాలును. దానికి ఏటా 10 కోట్లు వ్యయమైనదనుకొందము. 3 లక్షల 22 వేల కోట్ల బడ్జెటులో అది లక్ష రూపాయలకు మూడు రూపాయలు. దాని అధిపతిని సభాపతి, ముఖ్యమంత్రి, ప్రతిపక్షమున పెద్ద పక్షపు నాయకుడు కలిసి ఎన్నుకొనవలెను. కాలపరిమితి ఆరేండ్లకు తగ్గరాదు. అందువలన ఏ ప్రభుత్వమును తన మనిషి యని చెప్పుకొనజాలదు. ఏ శాఖనైనను, ఏ కార్పొరేషనునైనను కాగితములు కోరు హక్కు చట్టమున వ్రాయబడవలెను, ఈయని శాఖ పేరు సభలో చదువబడవలెను. పదవీవిరమణ చేసిన అధికారులకు మరియొక ఆశ్రమమగునని కొందరు భయపడుచున్నారు. ఆ భయము న్యాయమైనదే. కావున ఆర్థికశాఖలో పనిచేసి అయిదేండ్లు గడవనివారికి అందు ప్రవేశము ఉండరాదు. ఎన్నికైనవారిపై ఎన్నికగానివారి పెత్తనమనుట మాత్రము సరికాదు. వారు ఏది చేయుమనరు, ఏది మానుమనరు. ఎంతయగునో చెప్పుదురు.

ఎన్నికల వాగ్దానములకు వెల గట్టుట వారి పనులలో ముఖ్యమైనది. హాలండులో 1986 నుండి పక్షములు తమ ప్రణాళికలను ఎన్నికలకు ముందే అచ్చటి ప్రణాళికా కార్యాలయమున కిచ్చి లెక్క వేయించుకొనుచున్నవి. మనకు 2019లో 'నవరత్నములు' వచ్చినవి, 2024లో 'సూపర్ సిక్స్' వచ్చినది. ఏ వాగ్దానమునకు ఎంత, ఎన్నియేండ్లు, ఏ పన్నునుండి అని ఓటునాటికి ఓటరు చేత కాగితముండలేదు. మద్యనిషేధమును 1995 జనవరిలో విధించి, 1997లో ఖజానా భరింపలేదని సడలించిరి. నిషేధము మంచిదా చెడ్డదా అను చర్చ అటుంచుడు. ఖజానా ఎంత నష్టపడునో 1994లోనే కూడికతో తెలియదగిన సంగతి కాదా?

డెల్టా రైతునకు ఇందువలన ఏమి ఒరుగునని అడుగవచ్చును. 2008లో కృష్ణా డెల్టా ఆధునీకరణమునకు నాలుగు వేల కోట్లకు మించి మంజూరైనది. పనులలో చాల భాగము ఏండ్ల తరబడి నిలిచిపోయినవి. ఏ యేడు ఎంత కేటాయించిరి, ఎంత విడుదల చేసిరి, ఎంత వెనుకకు పోయెను? కూచిపూడి, మొవ్వ, పామర్రు ప్రాంతముల మురుగు కాలువలలో తూడు తీయుటకు కేటాయించిన సొమ్ము నాట్లకు ముందు చేరినదా, వరద తరువాత చేరినదా? 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినపుడు గండ్లు పూడ్చుటకు డబ్బు దొరికినది. అంతకు ముందు పదియేండ్లలో ఆ యేటి గట్లకు పద్దులో వ్రాసినదెంత, నేలమీద పెట్టినదెంత? ఆర్థికసంఘము పంచాయతీలకిచ్చిన నిధులనుండి విద్యుత్తు బకాయిలు మినహాయించుకొన్నారని 2021-22 ప్రాంతమున సర్పంచులు రోడ్డెక్కిరి. ఆ మినహాయింపు ఏ ఊరికి ఎంతయో పట్టిక వేసి శాసనసభలో పెట్టినవారు లేరు. ఈ ప్రశ్నలన్నియు కేటాయింపునకు, విడుదలకు, వ్యయమునకు మధ్య గల తేడాను గూర్చినవే. మూడు గడులుగల పట్టిక తెలుగులో అచ్చువేసి, నియోజకవర్గమున కొకటి పంపిన చాలును. బడ్జెటు పుస్తకములు ప్రజలకు తెలియని భాషలో నుండుట చిన్న లోపము కాదు.

మన గ్రామములలో కరణముల ఉద్యోగము 1984లో రద్దయినది. ఆ కాలమునాటి లోపములను మరువలేదు. కాని అప్పుడును ఏటేట జమాబందీ జరిగెడిది. లెక్క వ్రాసిన కరణమే లెక్క చూడరాదని, పైనుండి వేరొక అధికారి వచ్చి చిట్టా అడంగళ్లు తనిఖీ చేసెడివాడు. మూడు వందల ఎకరముల ఊరికి అవసరమని తోచిన జాగ్రత్త మూడు లక్షల కోట్ల ఖజానాకు అనవసరమైనదా?

చట్టము రావలెననిన కొంత కాలము పట్టును. అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నవసరము లేదు. శాసనసభ సచివాలయములో అయిదారుగురు లెక్కలెరిగినవారితో ఒక విభాగమును సభాపతి తమ అధికారముతోనే వచ్చు బడ్జెటు సమావేశమునకు ముందే ఏర్పరుపగలరు. అంచనాల సంఘము, ప్రజాపద్దుల సంఘము రెండును దానిని వాడుకొనవచ్చును. తొలియేడు ఒక్క నీటిపారుదల శాఖను, దానిలోను కృష్ణా గోదావరి డెల్టాల పద్దులను మాత్రము తీసికొని, గత పదియేండ్ల కేటాయింపు, విడుదల, వ్యయముల పట్టికను పద్దు చర్చకు వారము ముందు సభ్యులకు అందజేయుదురు గాక. కృష్ణా జిల్లా శాసనసభ్యులు, పక్షభేదము లేక, ఈ కోరికపై సంతకములు చేసి సభాపతికి సమర్పించుటకు అడ్డమేమున్నది? పామర్రునుండి ఆ సంతకము మొదలుకావచ్చును.